ఆదివారం పది ముప్పై ఏడు

"పదిహేను నిమిషాలండీ సరోజగారూ. అంతకు మించి కుదరదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ జోగారావు. ఆయన మాట ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. రెండేళ్ళ క్రితం నేను ఉద్యోగం వదిలేసి పోయేలా చేసినప్పుడు కూడా ఇంతే మెత్తగా మాట్లాడాడు.

అప్పట్లో నేను పోలీసు కంప్యూటర్ విభాగంలో ఎస్సైని. కొల్లేట్లో అక్రమ చేపల చెరువుల గట్లు ప్రభుత్వం పేల్చేస్తున్న రోజులవి. ఏ చెరువు వెనక ఏ పెద్దమనిషి ఉన్నాడో నేను రాసిచ్చిన జాబితా ఈయనగారి సొరుగులోకి వెళ్ళింది, మళ్ళీ బయటికి రాలేదు. నేనే బయటికి వచ్చేశాను. ఇప్పుడు ఏలూరులో ఒక మేడమీది గదికి ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకుని కాలక్షేపం చేస్తున్నాను.

గడియారం పదకొండున్నర చూపిస్తోంది. బల్లకి అవతల కూర్చున్న నెల్సన్‌ను సాయంత్రం నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడినుంచి జైలు. ఇరవై ఆరేళ్ళవాడు, చినగరువులంక వాడు. మత్స్యకార సంఘాల ఆఫీసులో సర్వర్ చూసుకునే ఉద్యోగం. తల్లి పుష్పమ్మ ఎండుచేపలమ్మి చదివించింది. కేసు నాకు అప్పగించింది ఆవిడే.

నేరం ఇదీ. కొల్లేట్లో ఎవరెవరు వేట చేసుకోవచ్చో ఆ సర్వర్‌లో ఉన్న జాబితా చెబుతుంది. ఆదివారం పగలు పదకొండు యాభై రెండుకి ఎవరో అందులోకి దూరి చినగరువులంకలో అరవై నాలుగు కుటుంబాల పేర్లు కొట్టేసి, ఆ స్థానంలో వేరే అరవై నాలుగు పేర్లు ఎక్కించారు. ఆ కొత్తవాళ్ళలో ఒక్కడు కూడా వల పట్టిన మనిషి కాడు. సోమవారం జాబితా అచ్చయింది, మంగళవారం గోడకెక్కింది. ఊళ్ళో ఉన్న అరవై అయిదు గడపల్లో చెక్కుచెదరకుండా మిగిలింది పుష్పమ్మ గడప ఒక్కటే. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలన్నది జోగారావు ధీమా.

"ఆదివారం ఆ టైముకి ఎక్కడున్నావు?"

"చర్చిలోనండీ. మా లంకలోనే. పన్నెండున్నర దాకా అక్కడే ఉన్నానండీ."

"సర్వర్ పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?"

"నాకొక్కడికేనండీ."

"ఇంకొకరికి చెప్పానని అంటే నీకు మంచిది కదరా?"

"చెప్పలేదు కదండీ మరి," అన్నాడు తల వంచుకుని. ఇలాంటి వెర్రిబాగులవాళ్ళను చూస్తే నాకు జాలి కంటే ముందు ఒళ్ళు మండుతుంది.

"ఆ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో శుక్రవారం రాత్రి బయటపడిన కన్నం సంగతి నీకు తెలుసా?"

"తెలుసండీ. దూరంనుంచి సర్వర్‌లోకి వచ్చే దారిలోనే ఉందండీ ఆ కన్నం. పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి వచ్చెయ్యొచ్చు. ఆ దారి రెండ్రోజులు మూసేద్దామని ఆఫీసు పెద్దలనడిగితే, సోమవారం జాబితా పంపాలి, వద్దన్నారండీ. కన్నం పూడ్చే కొత్త ప్యాకేజీ వచ్చిందా అని మా సర్వర్ గంటకోసారి దానంతటదే చూసుకుంటుంది. రాగానే వేసేసుకుంటుందండీ. సోమవారం రాత్రి పదింటిదాకా రాలేదు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ సర్వర్ నడిచే సిస్టమ్‌ను అమ్మే పెద్ద కంపెనీ విదేశంలో ఉంది. కన్నం బయటపడగానే అది పూడ్చి, కొనుక్కున్నవాళ్ళకి ఆ రాత్రే అందించేస్తుంది. ఎలా పూడ్చిందో ఆ రాత, అంటే కోడ్, మాత్రం మర్నాడు రాత్రికి అందరికీ ఇస్తుంది. లోకంలో తలోచోటా ఉన్న కొందరు స్వచ్ఛందంగా ఆ రాత తీసుకుని, అదే ప్యాకేజీని మళ్ళీ తయారుచేసి ఉచితంగా పంచుతారు. కొనుక్కోలేని ఆఫీసులన్నీ వాళ్ళమీదే బతుకుతాయి. కంపెనీ పూడ్చిన గంటకీ, వీళ్ళ ప్యాకేజీ వచ్చే గంటకీ మధ్య తలుపు బార్లా తెరిచే ఉంటుంది. ఎక్కడ కన్నముందో ప్రపంచానికంతటికీ తెలిసిపోయాక కూడా తెరిచే ఉంటుంది.

"చాలించండి," అన్నాడు జోగారావు. నా ముందుకి ఒక కాగితం తోశాడు. "తాడేపల్లిగూడెం మణిదీప్‌గారిచ్చిన రిపోర్టండీ. మాకు కంప్యూటర్ వ్యవహారాలన్నీ ఆయనే చూస్తారు. సర్వర్‌లో ఉన్నది కన్నం పూడ్చిన ప్యాకేజీయేనని స్పష్టంగా రాశారు. కన్నం లేనప్పుడు బయటివాడు ఎలా వస్తాడు? పాస్‌వర్డ్‌తోనే రావాలి. అది వీడి దగ్గరే ఉంది. వీడేమో ప్యాకేజీ రాలేదు, వెయ్యలేదు అంటున్నాడు. అబద్ధం కాదాండీ?"

"ఎప్పుడు వేశారో ఇందులో రాయలేదే?"

"వేశారా లేదా అన్నదే కదండీ కావలసింది."

"కాదండీ. ఇంటికి తాళం ఉందా అని కాదు, దొంగ రాకముందు పడిందా, వెళ్ళేటప్పుడు పడిందా అని అడగాలి. మీరు ఇన్‌స్పెక్టరు కదా, ఈమాత్రం నేను చెప్పాలా?"

ఆయన మెత్తగా నవ్వాడు. నేను ఫోను తీసి సంఘాల ఆఫీసులో టైపిస్టు విజయదుర్గకి చేశాను. సర్వర్ ముందు కూర్చోబెట్టి, ఒక్కో అక్షరం చెప్పి కమాండ్ కొట్టించాను. ఆయనకి కూడా వినబడేలా ఫోను బల్లమీద పెట్టాను.

"ఏవో చాలా లైన్లు వచ్చాయండీ."

"ఇన్‌స్టాల్ డేట్ అని ఉన్న లైను చదవండి."

"ఆదివారం, పదకొండు యాభై ఎనిమిదండీ."

పదకొండు యాభై రెండుకి దొంగ లోపలికి వచ్చాడు. ఆరు నిమిషాల్లో పని ముగించుకుని, తాను వచ్చిన కన్నాన్ని తానే పూడ్చి వెళ్ళాడు. అదే ప్యాకేజీ ముందే ఉండటంతో, సోమవారం రాత్రి వచ్చినదాన్ని సర్వర్ మళ్ళీ వేసుకోలేదు. కన్నమే లేనట్టు కనబడాలి, పాస్‌వర్డ్ ఉన్నవాడి మెడకి చుట్టుకోవాలి, అంతే. నెల్సన్ తల ఎత్తి నావైపు చూశాడు.

"సిగ్నేచర్ అని ఉన్నచోట ఏముంది?"

"నన్ అని, అంటే ఏమీ లేదని ఉందండీ."

స్వచ్ఛంద బృందం ఇచ్చే ప్రతి ప్యాకేజీకీ వాళ్ళ సంతకం ఉంటుంది. దీనికి లేదు. అంటే వాళ్ళు బయటికి పంపినది కాదు, పంపకముందు ఎవరో ఎత్తుకొచ్చినది.

"బిల్డ్ డేట్, దాని పక్కన బిల్డ్ హోస్ట్, రెండూ చదవండి. ఎప్పుడు, ఏ మిషన్‌మీద తయారైందో అందులో ఉంటుంది."

"ఆదివారమేనండీ. పది ముప్పై ఏడు. మిషన్ పేరు... బి, ఇ, టి, హెచ్, ఇ, ఎస్, డి, ఎ అండీ."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. బేతెస్ద. బైబిల్లో రోగులు కాచుకు కూర్చునే కోనేరు పేరు. తన మిషన్‌కి ఆ పేరు పెట్టుకున్న మనిషి లోకంలో ఒక్కడే నాకు తెలుసు. నాకు కంప్యూటర్ నేర్పింది ఆయనే.

"వాడే తయారుచేసుకుని ఉంటాడండీ," అన్నాడు జోగారావు. కానీ ఈసారి గొంతులో మెత్తదనం కాస్త తగ్గింది.

"ఆ మిషన్ చూపించి, దాని యజమాని చేత చెప్పిస్తే వదిలేస్తారా?"

"మూడుంబావుకి వస్తాను. చెప్పమనండి చూద్దాం. లేకపోతే మూడున్నరకి వీణ్ణి కోర్టుకి బయల్దేరదీస్తాను."

*

పుష్పమ్మ స్టేషన్ బయట అరుగుమీద కూర్చుని ఉంది. ఇద్దరం ఆటో ఎక్కాం. వట్లూరు దగ్గరికొచ్చాక అంది: "మా వీధి కుళాయి దగ్గర నన్ను బిందె పెట్టనివ్వట్లేదమ్మా. అరవై నాలుగు కొంపలు కూల్చాడంట నా కొడుకు. వాడు చీమకి కూడా దారిచ్చి నడుస్తాడమ్మా."

"రూబెన్ మాస్టారు ఒక్క మాట చెబితే చాలు పుష్పమ్మగారూ."

"ఆయన దైవజనులు. అబద్ధమాడరు," అంది ఆవిడ. నేనూ అలాగే అనుకున్నాను.

బేతెస్ద యజమాని రూబెన్ మాస్టారు కాలేజీలో లెక్చరర్‌గా రిటైరయ్యారు. మా చర్చి సంఘంలో పెద్ద. స్వచ్ఛంద బృందంలో ఆయనకి అప్పగించిన పని, ఇదిగో ఈ కన్నం పడ్డ ప్యాకేజీలాంటివి మళ్ళీ తయారుచేసి సంతకం పెట్టి పంపడం. ఏలూరు చుట్టుపక్కల ఆఫీసుల సర్వర్లన్నీ నేరుగా ఆయన మిషన్ నుంచే తీసుకుంటాయి. అయితే ఆదివారం ఆయన మిషన్ ముట్టరు. ఆ సంగతి ఆరేళ్ళుగా చర్చిలో ఎన్నిసార్లు సాక్ష్యం చెప్పారో లెక్కలేదు. లోకం తిట్టినా సరే, విశ్రాంతి దినాన్ని మీరనని ఆయన చెబుతుంటే మేమందరం స్తోత్రం అనేవాళ్ళం. మొన్న ఆదివారం తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఆయన నా ముందు బెంచీలోనే ఉన్నారు. కనక తయారుచేసింది ఆయన కాదు. మరెవరో ఇంట్లో దూరి ఉండాలి. ఇదీ నా లెక్క.

ఫోనులో చెప్పినట్టే రెండున్నరకి ఆయన మమ్మల్ని తన వట్లూరు ఇంట్లోకి పిలిచారు. పుష్పమ్మ వరండా మెట్టుమీదే ఆగిపోయింది.

మిషన్లున్నది వెనక గది. కిటికీకి ఇనప చువ్వలు, ఇంట్లోకీ పెరట్లోకీ ఉన్న తలుపులకి తాళాలు. "తాళంచెవులు నా దగ్గరే ఉంటాయమ్మా, చర్చికి వచ్చినప్పుడు కూడా జేబులోనే," అన్నారు. రెండు మిషన్లు పక్కపక్కన ఉన్నాయి, బేతెస్ద ఒకటి, సిలోయము ఒకటి. రెంటిమీదా తెల్ల గుడ్డలు కప్పి ఉన్నాయి.

"శనివారం దీపాలవేళ ఆపేసి ఈ గుడ్డలు కప్పుతాను. మళ్ళీ సోమవారం పొద్దున తీస్తాను. ఇవాళ నువ్వొస్తున్నావని ఫోను చేశావు కదా, దుమ్ము పడకుండా కప్పి ఉంచాను."

నేను గుడ్డలు రెండూ తీసి కిటికీ దగ్గర పట్టుకు చూశాను. సిలోయము గుడ్డ ఉతికి ఆరేసినట్టుంది. బేతెస్ద గుడ్డకి మాత్రం వెనకవైపు అరచేయంత గుండ్రటి మచ్చ, బూడిదరంగులో. సరిగ్గా మిషన్ ఫ్యాను ఉన్నచోట. లోపలి దుమ్ము వారం వారం వచ్చి ఆ గుడ్డకి కొట్టుకుని పేరుకుంది. ఒక్కరోజు పని కాదది.

"మాస్టారూ, ఆపేసిన మిషన్ గాలి ఊదదు కదండీ."

ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. అరవై రెండేళ్ళ మనిషి నా కళ్ళముందే ఇంకో పదేళ్ళు ముసలివాడయ్యాడు.

"ఏడాదైందమ్మా," అన్నారు చివరికి. "బృందంలో ఎవరో కుర్రాడు రాశాడు, ఏలూరు మిషన్లు ఆదివారం స్వర్గానికి పోతాయి, మా సర్వర్లు నరకానికి పోతాయి అని. ప్రపంచమంతా చదివింది. ముప్పై అయిదేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, తలెత్తుకోలేకపోయాను. ఆదివారం పదింటికి దానంతటదే తయారుచేసుకునేలా టైమరు పెట్టాను. తప్పులేమైనా ఉంటే ముందే తెలుస్తాయి కదా, సోమవారం త్వరగా తెమిలిపోతుందని. నేను ముట్టుకోలేదమ్మా. దానంతటదే చేసుకుంది."

"తయారైనదాన్ని అప్పుడే పంపెయ్యచ్చు కదండీ?"

"తేదీ పడుతుంది కదమ్మా దానిమీద. ఆదివారం అని ఉంటే మనవాళ్ళు చూడరూ? అందుకని అది పక్కన పడేసి, సోమవారం రాత్రి మళ్ళీ చేసి, ఆ తేదీతో పంపుతాను."

నాకు కోపం ఆగలేదు. "పది ముప్పై ఏడుకి ప్యాకేజీ సిద్ధంగా ఉంది మాస్టారూ. అప్పుడే పంపి ఉంటే పదకొండింటికి నెల్సన్ సర్వర్ దాన్ని వేసేసుకునేది. దొంగ వచ్చింది పదకొండు యాభై రెండుకి. అప్పటికి తలుపు మూసుకుని యాభై రెండు నిమిషాలయ్యేది. మీ మిషన్‌మీద తేదీ బాగుండాలని అరవై నాలుగు కొంపల తలుపు తెరిచిపెట్టారు."

ఆయన మొహం కప్పుకున్నారు. నేను బేతెస్ద ముందు కూర్చుని, ఆదివారం ఆ మిషన్‌లోకి దూరంనుంచి ఎవరెవరు వచ్చారో జాబితా తీశాను. ఒకే ఒక్క పేరుంది. పదకొండు ముప్పై ఒకటికి వచ్చాడు. ముప్పై మూడుకి సంతకం లేని ఆ ప్యాకేజీ కాపీ చేసుకున్నాడు, వెళ్ళిపోయాడు. పేరు మణిదీప్.

"నా పాత శిష్యుడేనమ్మా," అన్నారు మాస్టారు నా భుజంమీదుగా చూసి. "తాడేపల్లిగూడెంలో వాడి షాపులో ఒక కాపీ ఉంచుతాం, ఇక్కడ ఏమైనా అయితే ఉంటుందని. అందుకని వాడికి దారి ఇచ్చాను."

అప్పుడు అర్థమైంది వాడి తెలివి. కన్నం సోమవారం రాత్రిదాకా తెరిచే ఉంటుందని వాడికి తెలుసు. ఆదివారం ప్యాకేజీ ఒకటి రహస్యంగా తయారవుతుందనీ తెలుసు. వేరే ప్యాకేజీ దేంతోనైనా ఆ కన్నం పూడ్చుకోవచ్చు, కానీ ఇదే ఎత్తుకెళ్ళాడు. రేపు ఎవరైనా దీని పుట్టుక వెతుక్కుంటూ వస్తే, నాదేనని చెప్పలేని మనిషి దగ్గరికే వస్తారు. మాస్టారి పరువునే తాళంకప్పగా వేసుకుని వెళ్ళాడు. ఆ తరవాత పోలీసుల పక్షాన రిపోర్టూ తానే రాశాడు.

పేరూ, టైములూ నా పుస్తకంలో రాసుకున్నాను. ప్రింటరేదని అడిగితే చెడిపోయిందన్నారు. గడియారం చూశాను. మూడు దాటి అయిదు నిమిషాలు.

"ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు మాస్టారూ. ఈ స్క్రీను చూపించి, ఆదివారం ఈ మిషన్ నడిచిందని ఒక్క మాట చెప్పండి. నెల్సన్ బయటికొస్తాడు."

"కోర్టులో కూడా చెప్పాలా అమ్మా?"

"చెప్పాలి."

"పేపర్లో వస్తుందా?"

"రావచ్చు."

మాస్టారు కుర్చీలోంచి జారి మోకాళ్ళమీద వంగారు. "పది నిమిషాలు ఒంటరిగా ప్రార్థన చేసుకోనియ్యమ్మా. నాకు బలం కావాలి. తరవాత నువ్వు ఎలా చెప్పమంటే అలాగే చెబుతాను."

పన్నెండేళ్ళు పోలీసు నౌకరీ చేశాను. ఇంకెవడైనా అయి ఉంటే సాక్ష్యం ముందు ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదిలేదాన్ని కాదు. కానీ సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. పెద్దలు మోకాళ్ళూనితే మనం చప్పుడు చెయ్యకుండా తలుపు దగ్గరగా వేసి బయటికి రావాలని మా అమ్మ నేర్పింది. తలుపు వేసి బయటికి వచ్చాను. నా బతుకులో ఇంత తెలివితక్కువ పని ఇంకోటి చెయ్యలేదు.

వరండాలోకి ఆయన గొంతు బాగా వినిపిస్తోంది. "తండ్రీ, ఆ బిడ్డను విడిపించు. పుష్పమ్మ కన్నీళ్ళు తుడువు. పాపిని నేను, నన్ను క్షమించు..." ఏడుస్తున్నారు. అబద్ధపు ఏడుపు కాదు, నాకు తెలుసు. పుష్పమ్మ చెంగు తలమీదికి లాక్కుని, మెట్టుమీదే వంగి, మాట మాటకీ ఆమెన్ అంటోంది.

జీపు మూడుంబావుకి వచ్చింది. జోగారావును వెంటబెట్టుకుని తలుపు తోశాను.

మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నారు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. స్క్రీనుమీద ఇందాకటి జాబితా లేదు. మళ్ళీ తీశాను. ఖాళీ. ఆదివారం ప్యాకేజీ ఉన్న చోటు చూశాను. అదీ ఖాళీయే. గుడ్డకోసం చూస్తే కనబడలేదు. పెరటి తలుపు తెరిచి ఉంది, నూతి పళ్ళెంలో బకెట్టు, బకెట్లో సబ్బునురగ, అందులో తెల్లగుడ్డ నానుతోంది.

"మాస్టారూ!" అన్నాను. ఆయన నావైపు చూడలేదు.

"ఆదివారం ఈ మిషన్ నడిచిందాండీ?" అని అడిగాడు జోగారావు.

"ఆదివారం మా ఇంట్లో మిషన్లు నడవవండీ. సంఘంలో ఎవరినైనా అడగండి."

"మరి ఆ ప్యాకేజీమీద మీ మిషన్ పేరుందంటున్నారు ఈవిడ?"

"పేరుకేముందండీ, ఎవరైనా పెట్టుకోవచ్చు."

నా పుస్తకం తెరిచి జోగారావు ముందు పెట్టాను. ఆయన ఆ పేజీ రెండుసార్లు చదివాడు. "మీ చేతిరాత చాలా బావుందండీ," అన్నాడు. "కోర్టు మాత్రం దీన్ని చూడదు."

"సర్వర్‌లో ఆ ప్యాకేజీ ఉంది. దాని తేదీ ఉంది. అది చూస్తుంది."

"అవునండోయ్, బాగా గుర్తుచేశారు," అంటూ ఫోను తీశాడు. నా కళ్ళలోకి చూస్తూనే మాట్లాడాడు. "మణిదీప్‌గారూ, నేనండీ. ఇక్కడ సరోజగారు మీ పేరొకటి పుస్తకంలో రాసుకున్నారు... అబ్బే, కంగారేం లేదండీ. ఆ సర్వర్ ఆఫీసులో ఎందుకూ, ఎవరైనా ముట్టుకుంటారు. మీ షాపుకి పట్టుకెళ్ళి భద్రంగా పెట్టండి. ఉత్తరం నా మనిషి తెస్తాడు." ఫోను జేబులో పెట్టుకుని, "వస్తానండీ, కోర్టు టైమైంది," అని జీపెక్కాడు.

మిగిలిన ఒక్క సాక్ష్యం దొంగ చేతికే ఇచ్చి పంపుతున్నారు. నేను ఎవరి పేరు రాసుకున్నానో కూడా వాడికిప్పుడు తెలుసు. విజయదుర్గకి ఫోను చేశాను. "సర్వర్ గదికి తాళం వేసి, తాళంచెవి తీసుకుని ఎక్కడికైనా వెళ్ళిపోండి. నేను వచ్చేదాకా ఎవరికీ ఇవ్వకండి."

"సి.ఐ. గారి ఉత్తరం తెస్తే కాదనడం ఎలాగండీ? నా ఉద్యోగం పోతుందండీ," అంది ఆ అమ్మాయి.

"అరగంట. ఒక్క అరగంట చాలు."

వరండాలోకి వచ్చేసరికి పుష్పమ్మ లేచి నిలబడి ఉంది. లోపల మెల్లగా జరిగిన మాటలు ఆవిడకి వినబడలేదు. ప్రార్థన మాత్రమే వినబడింది. మొహం కడిగినట్టు తేటగా ఉంది.

"పదండి, ఏలూరు వెళ్ళాలి. తొందరగా," అన్నాను.

"ఒక్క నిమిషం ఆగమ్మా. నా బిడ్డ కోసం మాస్టారు అంత ఏడ్చి ప్రార్థన చేశారు. ఆయనకి వందనాలు చెప్పి వస్తాను."

ఒక్క నిమిషం కూడా లేదు నా దగ్గర. అయినా పక్కకి జరిగి దారిచ్చాను.

"వెళ్ళి చెప్పండి," అన్నాను. "గట్టిగా చెప్పండి."